లింకులన్నీ ఒక్కచోట కావాలంటే

ప్రశ్న: మా నాన్నగారి నోట వినే సేద్యం మాటల్ని మాటకో టెక్స్ట్ ఫైలుగా రాసుకుంటున్నాను. ఒకదాంట్లో ఇంకో మాట వస్తే [[వరి]], [[మినుము]] అని జంట బ్రాకెట్లలో పెడతాను. ఈ లింకుల జాబితా తీయడానికి మా అబ్బాయి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. అందులో [[కలప]] దొరుకుతోంది గానీ వరి, మినుము దొరకడం లేదు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఫైళ్ళలో తప్పేమీ లేదు. మీ అబ్బాయి రెజెక్స్‌లో (టెక్స్ట్‌లో ఏం వెతకాలో చెప్పే నమూనాలో) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) వాడి ఉంటాడు. పైథాన్ మామూలు రెజెక్స్‌లో అది అక్షరాల్ని, అంకెల్ని, అండర్‌స్కోర్‌ని మాత్రమే ఒప్పుకుంటుంది. ‘కలప’లో మూడూ విడి అక్షరాలే కాబట్టి గట్టెక్కింది. ‘వరి’లో వ, ర దాటాక గుడి వస్తుంది. కంప్యూటర్లో అన్ని లిపుల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ దాన్ని అక్షరంగా కాక గుర్తుగా లెక్కేస్తుంది, వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. సున్నకీ, ఒత్తుకీ ఇదే గతి. తెలుగులో రాసేవాళ్ళకి ఇంత అన్యాయం చేసే గుర్తు రెజెక్స్‌లో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

పోనీ, లోపల ఏమున్నా సరే అని \[\[.+\]\] పెడితే, ఒకే లైన్లో రెండు లింకులుంటే మొదటి బ్రాకెట్ నుంచి చివరి బ్రాకెట్ దాకా మొత్తం లాగేస్తుంది. అందుకే లోపల ఏ అక్షరాలుండాలో చెప్పకండి, ఏవి ఉండకూడదో చెప్పండి:

\[\[([^\[\]|#]+)[^\[\]]*\]\]

బ్రాకెట్, నిలువు గీత, హ్యాష్ వచ్చేదాకా ఉన్నదంతా పేరే అని దీని భావం. [[వరి|మా పొలంలో వరి]], [[వరి#తెగుళ్లు]] అని అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ పద్ధతిలో రాసినా చేతికి ‘వరి’ ఒక్కటే వస్తుంది. ఎక్కడైనా బ్రాకెట్ మూయడం మరిచిపోయినా పక్క లింకు చెడదు. (1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ పెట్టిన మొదటి వికీలో (చదివేవాళ్ళే దిద్దగల వెబ్‌సైటు) పెద్దబడి (క్యాపిటల్) ఇంగ్లిషు అక్షరాలతో మాటలు కలిపి రాస్తేనే లింకు అయ్యేది. ఆ పద్ధతే నిలిచి ఉంటే పెద్దబడి లేని మన లిపికి దారే ఉండేది కాదు.)

జాబితా వచ్చాక ఫైళ్ళ పేర్లతో పోల్చి చూడండి. ఇక్కడ ఒక చిక్కుంది, నా నోట్స్‌లో తరచూ తగులుతుంది. ‘ట్రాక్టర్‌లో’ అని కొట్టినప్పుడు పొల్లు విడిగా నిలవడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది. తర్వాత ‘లో’ చెరిపేసినా అది అక్కడే ఉండిపోతుంది. చూడ్డానికి రెండూ ‘ట్రాక్టర్’లే, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 200సీ. పోల్చే ముందు లింకుల్లోంచీ ఫైళ్ళ పేర్లలోంచీ దాన్ని తీసేయమని అబ్బాయికి చెప్పండి. ఫైళ్ళ జోలికి పోనక్కర్లేదు, పోల్చేటప్పుడు తీస్తే చాలు.

అప్పటికీ జతపడని పేర్లలో అక్షర దోషాలు పోగా మిగిలేవి మీరింకా రాయని మాటలు. వాటిలో ఎక్కువసార్లు వచ్చినవాటి గురించి నాన్నగారిని ముందు అడగండి.