ఈక అంటే ఏ ఈక?

హైదరాబాద్

తమ్ముడూ,

అనువాదం అందింది. సంభాషణలు బాగా నడిచాయి. మెచ్చుకోవడం అంతటితో సరి. ఇక నన్ను చిరాకుపెట్టిన సంగతికొస్తాను.

ఇంగ్లిషు కథలో ముసలాయన హంసపిల్లను 'పినియన్' చేస్తాడు. నువ్వు 'ఈకలు కత్తిరించాడు' అని రాసి చేతులు దులుపుకున్నావు. కథ అక్కడే చచ్చిపోయింది. ఎదిగిన ఈక మన గోరులాంటిది, కోస్తే నొప్పి లేదు. కోయగా మిగిలిన మొదలు రెక్కలోనే ఉండి, పక్షి ఈకలు రాల్చే కాలంలో ఊడిపోతుంది, దాని చోట కొత్తది వస్తుంది. పీకేస్తే ఇంకా తొందర, కొన్ని వారాల్లోనే మొలుస్తుంది. పావురాలు పెంచేవాళ్లని ఎవరినడిగినా ఈ తేడా చెబుతారు. పావురం రెక్క చివర ఉండే 10 పెద్ద ఈకలు ఏ వరసలో రాలతాయో కూడా చెబుతారు: లోపలి నుంచి బయటికి, ఒకటొకటిగా.

పినియన్ అలా కాదు. రెక్క చివరి కీలు దగ్గర ఎముకనే తీసేస్తారు. పెద్ద ఈకలు మొలిచే చోటే పోతుంది. అదీ ఒక పక్కే కోస్తారు. తూకం తప్పిన పక్షి ఇక జన్మలో ఎగరదు. పిల్ల పుట్టిన కొద్ది రోజులకే చేసే పని ఇది. మరి నూగు తప్ప ఈకే రాని పిల్లకు మీ ముసలాయన ఏ ఈకలు కత్తిరించినట్టు? చివరి పేజీలో హంస నీళ్ల మీద పరుగెత్తి పరుగెత్తి లేవలేకపోతుంది. "ఏడాది ఆగితే ఈకలొస్తాయిగా, ఈ ఏడుపెందుకు?" అంటాడు నీ పాఠకుడు. న్యాయంగానే అంటాడు.

ఇంకో ఘోరం. ముసలాయన్ని సిపాయిలు పట్టుకున్నచోట మూలంలో మళ్లీ అదే మాట ఉంది. హంసకూ మనిషికీ ఒకే మాట పడటం యాదృచ్ఛికమనుకున్నావా? నువ్వు 'చేతులు వెనక్కి బంధించారు' అన్నావు. 'పెడరెక్కలు విరిచి కట్టారు' అనే మాట మన నోళ్లలో నలుగుతూనే ఉంది కదా! రెక్కాడితే గాని డొక్కాడదనే జనానికి రెక్కంటే చెయ్యి కూడాను. ఇంగ్లిషు వాడు కష్టపడి కుదుర్చుకున్నది తెలుగులో అప్పనంగా దొరికితే, కాలదన్నుకున్నావు.

ఈకలు పీకుతున్నాడని విసుక్కోకు. ఎనిమిది రకాల ఇంగ్లిషు మాటలకు నువ్వొక్క 'ఈక' వాడావు, కాబట్టి పీకక తప్పదు. 'డౌన్' అంటే మెత్తటి ఈకలు కాదు, నూగు. దానికి గట్టి కాడ ఉండదు, పోగులు ఒకదానికొకటి తగులుకోవు, మధ్యలో గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. 'నూగు అంటే పాఠకుడికి తెలియదండీ' అని కొట్టేసే సంపాదకులున్నారు. 'ట్రామా'నీ 'స్పేస్'నీ అలాగే వదిలేస్తారు, నూగుమీసాల ఊరిలో నూగుకే అర్థం కావాలట వాళ్లకి.

'ప్రీన్' అంటే సింగారించుకోవడం కాదు. ఏదైనా బ్యాడ్మింటన్ కోర్టులో పారేసిన ఫెదర్ షటిల్ తెచ్చుకో, ఈ ఊళ్లో కోర్టులకేం కరువు! దానికి 16 ఈకలుంటాయి, అన్నీ ఒకే వైపు రెక్కవి. గిరగిరా తిరగాలంటే వంపు ఒకే దిక్కున ఉండాలి మరి. చెక్కుచెదరని ఈకను వేళ్లతో అడ్డంగా చీల్చు. చీలిక కింది నుంచి పైకి మెల్లగా దువ్వు, మళ్లీ అతుక్కుంటుంది. ఒక పోగు కొక్కేలు పక్క పోగును పట్టుకుంటాయి. పక్షి ముక్కుతో చేసేది ఈ పనే, తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి నూనె తీసి మరీ. 'ఈకలు సవరించుకుంటోంది' అను, చాలు.

గుమాస్తా చేతిలోని 'క్విల్'ని నెమలి ఈక చేశావు. సినిమా చూసి రాసినట్టుంది. ఇంగ్లండులో రాసింది ఎక్కువగా బాతుజాతి పెద్ద పక్షి గూస్ రెక్క ఈకతో. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ రెక్కది మేలు, దాని వంపు చేతికీ కంటికీ అడ్డురాదు. వేడి ఇసుకలో గుచ్చి గట్టిపరచకపోతే మొన మెత్తబడి సిరా పాకుతుంది. పక్కనున్న పోగులు చాలామటుకు చెక్కేసేవారు, కుచ్చు ఊపుకుంటూ ఎవరూ రాయలేదు. అదే మాట 12వ పేజీలో ఏదుపంది ముల్లు, అక్కడా ఈకే పెట్టావు!

'ఫ్లెడ్జ్‌లింగ్' పసిపక్షి కాదు, రెక్కలొచ్చిన పిల్ల. 'టోపీలో మరో ఈక' అని నువ్వు రాసిన వాక్యానికి కలికితురాయి ఉంది. తురాయంటే తలపాగా మీద కుచ్చే.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు 'ఈక' అన్న ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టి, అది రెక్కదా, తోకదా, రొమ్ముదా పక్కన రాసుకో. నిఘంటువు ఆ తర్వాతే తియ్యి. మళ్లీ పంపేటప్పుడు మూలం మొత్తం జతచెయ్యి, ఈసారి సిపాయిల పేజీ సగమే వచ్చింది.