యూఎస్‌బీ తీగ కలిపినా సింథ్ శబ్దం ఎందుకు రికార్డు కాదు?

ప్రశ్న: నేను లఘుచిత్రాలకు సంగీతం చేస్తుంటాను. ఈ మధ్య ఒకరు వాడిన కోర్గ్ మినీలాగ్ సింథసైజర్‌ను కొన్నాను. విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె), రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉన్నాయి. సింథ్‌ను యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి వాయిస్తే తెర మీద స్వరాలు గీతలుగా పడుతున్నాయి గాని శబ్దం రికార్డు కావడం లేదు. ఇంటర్‌ఫేస్‌కు ఆడియో తీగ కూడా కలిపితే శబ్దం వచ్చింది కానీ, ఒక్క మీట నొక్కితే రెండుసార్లు మోగినట్టుంది. నాలుగు స్వరాలు కలిపి పట్టుకుంటే కొన్ని మధ్యలో తెగిపోతున్నాయి. వెనక సన్నగా గుయ్‌మనే రొద కూడా ఉంది. సింథ్‌లో ఏమైనా లోపం ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన లక్షణాల్లో ఏ ఒక్కటీ సింథ్ పాడైందని చెప్పడం లేదు. ఈ మూడు ఇబ్బందులూ కొత్తగా కలుపుకున్న ప్రతివారికీ ఎదురయ్యేవే. అందుకే మీ ఉత్తరానికి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను.

మినీలాగ్ యూఎస్‌బీ తీగలో ప్రయాణించేది మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష) సమాచారం మాత్రమే. ఏ మీటను ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న వివరాలే అందులో ఉంటాయి. మన స్వరలిపి లాంటిదే అది. పుస్తకంలో కీర్తన రాసి ఉన్నంత మాత్రాన వీణ మోగదు కదా. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600 సింథ్‌ను, రోలాండ్ వారి జూపిటర్-6 సింథ్‌ను కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చూపించిన నాటి నుంచి మిడి చేస్తున్న పని ఇదే. రోలాండ్ సిస్టమ్-8 వంటి కొన్ని వాద్యాలు యూఎస్‌బీ ద్వారా శబ్దాన్ని కూడా పంపుతాయి గాని, మీ వాద్యం వాటిలో లేదు. దాని శబ్దం వెనక ఉన్న అవుట్‌పుట్ జాక్ నుంచే రావాలి. అది మోనో కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో ఒక్క ఇన్‌పుట్ చాలు. ఆ ఇన్‌పుట్‌ను లైన్ స్థాయిలో ఉంచండి. గిటార్ కోసం ఇచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉంటే శబ్దం పగిలినట్టు రావచ్చు. సింథ్ వాల్యూమ్‌ను ముప్పావు వంతు వరకు పెంచి, ఆ తర్వాత ఇంటర్‌ఫేస్ గెయిన్‌ను (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే నాబ్) సర్దండి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు అతి పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే సరిపోతుంది.

ఇక రెండుసార్లు మోగడం సంగతి. మీరు మీట నొక్కగానే సింథ్ తనంతట తాను ఒకసారి పలుకుతోంది. అదే సమాచారం యూఎస్‌బీ మీదుగా రీపర్‌లోకి వెళ్లి, ఆ ట్రాక్‌కు మీరు మిడి అవుట్‌పుట్‌గా మినీలాగ్‌నే పెట్టి ఉంటారు కాబట్టి, వెనక్కి తిరిగి వచ్చి మరోసారి పలికిస్తోంది. ఒకేసారి నాలుగు స్వరాలు మాత్రమే పలకగల వాద్యానికి ఒక్కో స్వరం రెండేసి సార్లు అందితే, కొత్త స్వరానికి చోటివ్వడానికి పాత స్వరాన్ని తెంచక తప్పదు. సింథ్ సెట్టింగుల్లో 'లోకల్' అనే అంశం ఉంటుంది. దాన్ని ఆఫ్ చేస్తే మీటలకూ లోపలి శబ్ద యంత్రాంగానికీ మధ్య ఉన్న నేరు సంబంధం తెగిపోయి, సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన స్వరం మాత్రమే మోగుతుంది. ఒక్క జాగ్రత్త: కంప్యూటర్ లేకుండా వాయించే రోజున దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరవకండి, మరిస్తే ఎన్ని మీటలు నొక్కినా వాద్యం నోరు విప్పదు.

అప్పటికీ జంట శబ్దం పోకపోతే, ఇంటర్‌ఫేస్ నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటరింగ్‌నూ, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్‌నూ రెండింటినీ కలిపి వింటున్నారేమో చూడండి. సాఫ్ట్‌వేర్ దారిన వచ్చే శబ్దం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. 44,100 శాంప్లింగ్ రేటు దగ్గర 512 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో పోగుచేసుకునే శబ్దం) అంటే ఒక వైపుకే దాదాపు 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం. అదే 128కి తగ్గిస్తే 2.9 అవుతుంది. వాయించేటప్పుడు ఆడియో ట్రాక్ మానిటరింగ్ ఆపేసి డైరెక్ట్‌గా వినడమే నా అలవాటు.

గుయ్‌మనే రొద విషయం మాత్రం ఓపికగా వెతకాలి. సింథ్ నుంచి ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఒక దారి, ఇంటర్‌ఫేస్ మీదుగా ఆడియో తీగ ఇంకో దారి కావడంతో రెండు గ్రౌండ్‌లు (ఎర్త్ సంబంధాలు) కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ మోత, ల్యాప్‌టాప్ చార్జర్ కీచుమనే సన్నని శబ్దం ఆ వలయం గుండానే చేరుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు చార్జర్ తీసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి వినండి. ఆ తర్వాత యూఎస్‌బీ తీగ ఊడదీసి వినండి. తీగ తీయగానే నిశ్శబ్దమైతే కారణం దొరికినట్టే. అప్పుడు యూఎస్‌బీని పక్కన పెట్టి, పాతకాలపు ఐదు పిన్నుల మిడి తీగలతో కలపండి. మిడి ఇన్ దగ్గర సమాచారం కాంతి ద్వారా దాటేలా ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వలయం తెగుతుంది. నలభై ఏళ్ల కిందటి ఇంజినీర్లు చూపిన ఈ ముందుచూపు నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం కలిగిస్తుంది. మీ ఇంటర్‌ఫేస్‌కు మిడి పోర్టులు లేకపోతే, ఆడియో తీగ మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ సంబంధాన్ని తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ (సింథ్ శబ్దాన్ని మైక్ ఇన్‌పుట్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాన్ని మైక్ ఇన్‌పుట్‌కు కలపండి. రొద పోతుందని ఎవరైనా చెప్పినా మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి. అది మీ ప్రాణానికి కాపలా.

రికార్డింగ్‌కు రెండు ట్రాకులు తెరిచి, ఒకదానిలో మిడిని, రెండోదానిలో ఆడియోను ఒకేసారి రికార్డు చేయమని నేను గట్టిగా చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక నాటకానికి సంగీతం చేస్తూ, ఎలాగూ మళ్లీ పలికించుకోవచ్చు కదా అని మిడిని మాత్రమే దాచుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక ఘట్టాన్ని పొడిగించమని అడిగారు. స్వరాలన్నీ భద్రంగా ఉన్నాయి గాని, ఆ రాత్రి ధ్వని పదునును సర్దే కటాఫ్ నాబ్‌ను కుడిచేత్తో నెమ్మదిగా తిప్పుతూ రాబట్టిన ఆ మసక ధ్వని సింథ్‌లో లేదు. దాని చోట నేనే మరో ప్యాచ్ (సింథ్‌లో దాచుకునే ధ్వని అమరిక) సేవ్ చేసుకున్నాను. ఎంత ప్రయత్నించినా అది తిరిగి రాలేదు. అప్పటి నుంచి ప్యాచ్‌ను వేరే నంబరులో సేవ్ చేసి, ఆ నంబరునే ట్రాక్ పేరుగా రాస్తున్నాను.

మిడిని తిరిగి సింథ్‌కు పంపి ఆడియో తీసుకుంటే అది కాస్త వెనకబడి పడవచ్చు. సరిగ్గా మొదటి దెబ్బ మీద ఒక పొట్టి స్వరం పెట్టి రికార్డు చేసి, తరంగాన్ని పెద్దది చేసి చూస్తే ఎన్ని మిల్లీసెకన్లు వెనకబడిందో తెలుస్తుంది. ఆ అంకెను రీపర్ రికార్డింగ్ సెట్టింగుల్లో ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి.

ప్రశ్న: తోడి రాగంలో గాంధారాన్ని పిచ్ వీల్‌తో (శ్రుతిని పైకీ కిందికీ వంచే చక్రం) ఊపుతూ వాయించి మిడిగా రికార్డు చేశాను. మర్నాడు అదే ట్రాక్‌ను అదే సింథ్ మీద మోగిస్తే శ్రుతి పూర్తిగా తప్పింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పిచ్ వీల్ సమాచారంలో ఉండేది చక్రం ఎక్కడ ఉందన్న అంకె మాత్రమే, 0 నుంచి 16,383 వరకు, నడుమ 8,192. ఆ అంకెకు ఎంత శ్రుతి మారాలన్నది సింథ్‌లోని బెండ్ రేంజ్ (చక్రం పూర్తిగా తిప్పితే శ్రుతి ఎంత వంగాలన్న సెట్టింగు) నిర్ణయిస్తుంది. నిన్న అది రెండు సెమీటోన్లుగా (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం ఒక సెమీటోన్) ఉండి, ఈరోజు మరో ప్యాచ్‌లో పన్నెండుగా ఉంటే మీ గాంధారం ఎక్కడికో వెళ్లిపోతుంది. ముందు దాన్ని సరిచూడండి. తర్వాత, ఆ ట్రాక్‌ను క్వాంటైజ్ చేశారేమో, అంటే స్వరాలను సరిగ్గా తాళం దెబ్బల మీదికి జరిపారేమో గుర్తు చేసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో స్వరాలు మాత్రమే జరిగి, బెండ్ గీత పాత చోటే ఉండిపోతుంది. గమకానికి అంతకన్నా అపకారం లేదు. ట్రాక్ మొదట్లో 8,192 విలువను ఒకసారి పెడితే, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు చక్రం వంగిన స్థితిలో ఉండిపోదు. ఆధార శ్రుతిని కూడా అదే మిడి చానెల్‌లో పట్టుకుంటే గమకంతో పాటు అదీ ఊగుతుంది. కాబట్టి ఆధార శ్రుతికి వేరే వాద్యాన్ని గాని, ముందే రికార్డు చేసిన ఆడియోను గాని వాడండి.