లండన్ సావోయ్ థియేటర్‌లో 1881లోనే కరెంటు దీపాలు ఎందుకు పెట్టారు?

గ్యాస్ దీపాలతో విసిగిపోయి. హాల్లో ఉక్కపోత, చెడిపోయిన గాలి, పైగా నిప్పు భయం. అందుకే గిల్బర్ట్, సలివాన్‌ల సంగీత నాటకాలు ఆడించే రిచర్డ్ డోయ్‌లీ కార్ట్ 1881 అక్టోబరు 10న లండన్‌లో సావోయ్ తెరుస్తూ జోసెఫ్ స్వాన్ రూపొందించిన కరెంటు బల్బులు సుమారు 1,200 బిగించాడు. పక్క ఖాళీ స్థలంలో ఆవిరి యంత్రాలు పెట్టి కరెంటు తీశారు. తీరా చూస్తే అది చాల్లేదు! మొదట ప్రేక్షకుల వైపే వెలిగాయి. స్టేజీకి డిసెంబరు 28న గానీ రాలేదు. కరెంటు దీపాలంటే జనానికున్న టెన్షన్ పోగొట్టడానికి కార్ట్ స్వయంగా స్టేజీ ఎక్కి, వెలుగుతున్న బల్బుకి మస్లిన్ గుడ్డ చుట్టి పగలగొట్టాడు. గుడ్డ అంటుకోలేదు. పబ్లిసిటీ అంటే అదీ. మరుసటి ఏడాది గిల్బర్ట్, సలివాన్‌ల నాటకం ‘అయొలాంథీ’లో దేవకన్యల జుట్టులోనూ బ్యాటరీ దీపాలే. అయినా ముందుజాగ్రత్తగా గ్యాస్ ఏర్పాటు కూడా ఉంచుకున్నారు, కరెంటు పోతే ఎలాగని.