కోత పెట్టే ముందు కొలత చూడు

చి. అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది, ఫొటోలూ చూశాను. నీ స్పోర్ట్స్ కారుకి కొత్తగా వేయించిన చక్రాలు బాగున్నాయి, నీ అభిరుచికి వంక పెట్టను. వెనక ఇద్దరు కూర్చున్నప్పుడు గతుకు తగిలితే వెనక చక్రం దగ్గర బర్రుమంటోందనీ, స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు వైపు ఇంకో రకం చప్పుడు వస్తోందనీ రాశావు. ఫెండరు, అంటే చక్రం మీది రేకు, అంచు కోయించేస్తే పీడా పోతుందని ఎవరో చెప్పారట. ఇంకొకాయన స్పేసరు, అంటే చక్రం వెనక పెట్టి దాన్ని బయటికి జరిపే బిళ్ల, వేయమన్నారట. ఇప్పుడే వద్దు. టైరు ఎక్కడ రాసుకుంటోంది, ఎప్పుడు రాసుకుంటోంది, ఎంత మేర రాసుకుంటోంది అన్న మూడూ తేలేదాకా బండి మీద గ్రైండరు పెట్టనివ్వకు. చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం గానీ కాలి వేలు చెక్కుకోం కదా.

అన్నిటికంటే ముందు నాలుగు టైర్లనూ పక్క గోడలు కనిపించేలా తిప్పి తిప్పి చూడు. వెలుపలి వైపు చూసి ఊరుకోకు, లోపలి వైపు కూడా టార్చి వేసి చూడాలి. రబ్బరు నునుపెక్కి మెరుస్తుంటే ఫరవాలేదు, అది ఒరుపు గుర్తు మాత్రమే. గీత లోతుగా దిగి లోపలి దారాలు కనిపిస్తుంటే ఆ టైరుతో గజం దూరం కూడా వెళ్లకు. నేలకి ఆనే ట్రెడ్‌లో మేకు దిగితే ప్యాచ్ వేయొచ్చు, పక్క గోడ తెగితే వేయడానికి లేదు. వేగంలో ఉండగా పేలేది అక్కడే.

ఇక లెక్కలోకి వద్దాం. పాత చక్రం వెడల్పు ఏడున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. కొత్తది ఎనిమిదిన్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. చక్రం హబ్బుకి, అంటే బండి వైపు అది బిగిసే ఇరుసు చివరకి, ఆనే ముఖం రిమ్ము మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో ఆ ఆఫ్‌సెట్ అంకె చెబుతుంది. అది తగ్గే కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. నీ చక్రానికి వెడల్పు అంగుళం పెరిగింది, అంటే 25.4 మిల్లీమీటర్లు. అందులో సగం, 12.7, బయటికి పోయింది, మిగతా సగం లోపలికి. దాని మీద ఆఫ్‌సెట్ తగ్గినందుకు చక్రం మొత్తంగా ఇంకో 10 బయటికి జరిగింది. కలిపి చూస్తే రిమ్ము బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొచ్చింది, లోపలి అంచు 2.7 మాత్రమే లోపలికెళ్లింది.

టైరు సంగతి చూడు. పాతది 225/45 ఆర్ 17, కొత్తది 245/40 ఆర్ 18. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. పాతదాని పక్క గోడ ఎత్తు 225లో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని రెట్టింపు చేసి 17 అంగుళాల రిమ్ముకి కలిపితే మొత్తం వ్యాసం 634 వస్తుంది. కొత్తదానికి అదే లెక్క వేస్తే 653. అంటే టైరు చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పెరిగింది. వెడల్పులో 20 పెరిగి, ఆఫ్‌సెట్‌తో కలిసి, ఆ 20 మొత్తం బయటి వైపుకే పోయింది. లోపలి పక్క గోడ దాదాపు పాత చోటే ఉంది. నీకు రెండు చోట్లా ఎందుకు తగులుతోందో ఈ అంకెల్లోనే ఉంది. వెనక, బరువు పడి చక్రం పైకి లేచినప్పుడు ఫెండరు అంచు తగులుతోంది. ముందు, బయటికి జరిగిన చక్రం తిరిగేటప్పుడు ముందుకీ వెనక్కీ ఇదివరకటి కంటే పెద్ద చాపం గీస్తుంది, పైగా టైరు కూడా పెద్దదైంది, అందుకని చక్రం గూడు లోపల ఉండే ప్లాస్టిక్ లైనరు తగులుతోంది.

స్పేసరు వేయమన్న ఆ రెండో పెద్దమనిషి మాట అందుకే పక్కన పెట్టు. టైరు లోపల స్ట్రట్‌కో (షాక్‌అబ్జార్బరు ఉండే నిలువు కంబం), సస్పెన్షన్ ఆర్మ్‌కో తగులుతుంటే స్పేసరు మందు. నీకు తగిలేది బయట. నువ్వు స్పేసరు వేస్తే జబ్బు ముదురుతుంది.

కాగితం మీద ఇంతవరకూ తెలుస్తుంది, మిగతాది బండి చెప్పాలి. ఒకే వెడల్పు రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లు పక్కపక్కన పెడితే ఒకదాని భుజం నలుచదరంగా, ఇంకోదానిది గుండ్రంగా ఉంటుంది. కొన్నిటికి రిమ్ము గీతలు పడకుండా అదనపు రబ్బరు పట్టీ కూడా ఉంటుంది. అందుకని తడి సుద్దముక్కతో టైరు భుజాల మీదా పక్క గోడల మీదా మందంగా పుయ్యి. ఫెండరు లోపలి అంచుకి పిల్లలు ఆడుకునే బంకమట్టి వేలెడు మందాన అద్దు. ముందు లైనరు మీద మాస్కింగ్ టేపు అతికించు. తర్వాత బండిలో మనుషుల్ని ఎక్కించి, డిక్కీలో బరువు వేసి, నెమ్మదిగా గతుకుల మీదా వంపుల మీదా నడుపు. ఖాళీ చోట స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ ముందుకీ వెనక్కీ రెండు రకాలుగా నడుపు. వెనక్కి పోతూ బ్రేకు వేసినప్పుడు సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు ఇంకో వైపు సాగుతాయి, కొన్ని చప్పుళ్లు అప్పుడే బయటపడతాయి. దిగి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో, టేపు ఎక్కడ చిరిగిందో కనిపిస్తుంది. బంకమట్టి మరీ మంచిది, ఎక్కడా చెరగకపోయినా నలిగి ఎంత మందం మిగిలిందో కొలిస్తే ఇంకా ఎంత జాగా ఉందో అంకెల్లో తెలుస్తుంది. జాకీ మీద లేపి చూసి తగలడం లేదని చెప్పేవాళ్ల మాట లెక్కలోకి తీసుకోకు. గాల్లో వేలాడే చక్రం కిందికి జారి ఉంటుంది, అప్పుడు ఏదీ తగలదు.

చక్రాలు విప్పిన పనిలో పనిగా అవి హబ్బు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడు. మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే సరిపోయే రింగు ఉండాలి. లేకపోతే చక్రం నట్ల మీదే కేంద్రం వెతుక్కుంటుంది, వణుకు వస్తుంది. బ్రేకు డిస్కు మీద ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన చిన్న క్లిప్పు మిగిలిపోయినా చక్రం అంటుకుని కూర్చోదు. నట్టు కొన ఆకారం, అంటే శంకువా గుండ్రమా అన్నది, రిమ్ము గుంటతో కలవాలి. చేత్తో తిప్పితే స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) మందానికి సరిపడా మరలు పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి మర దూరం 1.5 అయితే కనీసం ఎనిమిది చుట్లు. ఇందులో ఏది లోపించినా రాసుకోవడం గురించి ఆలోచించడం తర్వాత, ముందు దీని పని చూడు.

ఇప్పుడు మందుల గురించి. నా మటుకు నేను మొదట టైరునే మారుస్తాను. నీ ఎనిమిదిన్నర రిమ్ము మీద 225/40 ఆర్ 18 హాయిగా కూర్చుంటుంది. వ్యాసం 637, అంటే పాతదానితో దాదాపు సమానం. స్పీడోమీటరూ, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్సూ కూడా తికమకపడవు. ఇప్పుడున్న టైరు కంటే చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్లు, బయటి పక్క పది దాకా తగ్గుతుంది. కొంచెం వెడల్పు రిమ్ము కాబట్టి టైరు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి సాగుతుంది, అది తీసేసినా నీ బాధలో చాలా భాగం పోతుంది. వెడల్పు వదులుకోలేనంటే 245/35 ఆర్ 18 ఉంది, వ్యాసం 629. అది ఎత్తు తగ్గిస్తుంది గానీ బయటికి పొడుచుకొచ్చింది అలాగే ఉంటుంది. ఏది కొన్నా పక్కన రాసిన బరువు సూచిక చూడు. నీ పాత టైరు మీద 91 ఉంటే అది ఒక్కో టైరుకి 615 కిలోలు. 225/40 ఆర్ 18లో మామూలు రకం 88తో వస్తుంది, అంటే 560 కిలోలే. ఎక్స్‌ఎల్ అని రాసినది 92తో వస్తుంది, 630 కిలోలు. ఎక్స్‌ఎల్‌దే తీసుకో, దానికి గాలి కాస్త ఎక్కువ పెట్టాలి. బండి నాలుగు చక్రాలతో లాగేదైతే ముందూ వెనకా వ్యాసం తేడా రాకుండా నాలుగూ ఒకేసారి మార్చు, లేకపోతే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ ఊరికే తిరుగుతూ అరిగిపోతుంది. వెడల్పు రిమ్ముకి మరీ సన్నని టైరు సాగదీసి ఎక్కించే ఫ్యాషన్ ఒకటుంది. దాని జోలికి పోవద్దు.

టైరు కొత్తది, మార్చడానికి మనసొప్పడం లేదంటావా? అయితే ఎత్తు చూడు. కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునే స్ప్రింగుల సెట్టు, వేసి బండిని నేలకి దించావు కదా, ఒక పదిహేను మిల్లీమీటర్లు లేపు. చూడ్డానికి మీ కుర్రాళ్లకి నచ్చదు. చక్రం పైకి లేచే దూరాన్ని బంప్ స్టాపు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే ముక్క) పొడవు పెంచి ఆపొచ్చు గానీ, అది మలుపులో ఉన్నట్టుండి తగిలితే ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది, వెనక భాగం జారిపోతుంది. స్పోర్ట్స్ కారులో వెనక అలాంటి పని నేనైతే చెయ్యను.

క్యాంబరు, అంటే చక్రం నిలువు వంపు, మంచి సాధనమే, మితంగా వాడితే. చక్రం పై భాగాన్ని లోపలికి వంచితే, నీ టైరు కొలతకి ఒక్కో డిగ్రీకి పై అంచు సుమారు ఐదారు మిల్లీమీటర్లు లోపలికెళుతుంది. ముందు వైపు మాత్రం ఒక మెలిక ఉంది. స్ట్రట్ పైన మౌంటు దగ్గర వంచితే స్ట్రటూ చక్రమూ కలిసి వంగుతాయి, రెంటి మధ్య సందు మారదు. అదే కింద స్ట్రట్‌కీ నకిల్‌కీ (హబ్బుని మోసే ముక్క) మధ్య బోల్టు దగ్గర వంచితే చక్రం ఒక్కటే వంగి టైరు స్ట్రట్ వైపుకి దగ్గరవుతుంది. బయట సందు సంపాదించి లోపల పోగొట్టుకున్నట్టు అవుతుంది. అందుకని ఎక్కడ వంచుతున్నారో అడుగు. క్యాంబరు కదిపితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం, కూడా కదులుతుంది, టైరు లోపలి అంచుని నిజంగా తినేసేది ఎక్కువగా టో. కాబట్టి అలైన్‌మెంట్ చేయించకుండా బండి ఇంటికి తేకు.

ముందు లైనరు సంగతి తేలిక. స్క్రూలు, క్లిప్పులు ఊడదీసి, హీట్ గన్‌తో వెచ్చబెట్టి వెనక్కి నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. కోయాల్సి వచ్చినా అది ప్లాస్టిక్, మళ్లీ కొనుక్కోవచ్చు. దాని వెనక వైరింగు పోతోందేమో చూసుకుని కొయ్యి.

ఇవన్నీ అయ్యాక కూడా వెనక రెండు మూడు మిల్లీమీటర్లు తగులుతుంటే అప్పుడు ఫెండరు అంచు మాట. అప్పుడు కూడా కోత వద్దు, మడత. లోపలికి తిరిగి ఉన్న ఆ రేకు పెదవిని రోలరుతో పైకి మడిచి చదును చేస్తారు. కోస్తే మిగిలే అంచు కత్తిలా ఉంటుంది, పొరపాటున తగిలిందంటే టైరుని చీరేస్తుంది. పైగా రెండు రేకులు అతికే చోటు తెరుచుకుని తుప్పు మొదలవుతుంది. మడిచే ముందు అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కోకపోతే అది అల్యూమినియమో ప్లాస్టికో ఫైబరో అయి ఉంటుంది. అమెరికన్ స్పోర్ట్స్ కారు కార్వెట్ లాంటి బండికి 1953లో పుట్టినప్పటి నుంచీ ఉక్కు రేకు తొడుగు లేదు. అలాంటివి మడవబోతే పగులుతాయి. ఉక్కే అయితే రంగుని చెయ్యి ఎక్కువసేపు ఆనించలేనంత వెచ్చగా ఉంచుతూ, గన్ ఒక్కచోట ఆపకుండా, రోలరు కొంచెం కొంచెం బిగిస్తూ చాలా విడతల్లో మడవాలి. తొందరపడితే ఫెండరు పై భాగం అలలు తేలుతుంది. బంపరు కలిసే చోట ఉండే ప్లాస్టిక్ చెవిని, స్క్రూని మరవకు, చాలాసార్లు టైరుకి గీత పెట్టేది అదే. మడిచాక లోపల సీలరు, దాని మీద రంగు తప్పకుండా వేయించు.

పని ఏదైనా, అయ్యాక నట్లు టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న అంకెకి బిగించు, ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు. సుద్దా బంకమట్టీ పరీక్ష మరోసారి, మనుషుల్ని నిండా ఎక్కించుకునే చెయ్యి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు టైరుకి దూరంగా ఉన్నాయో లేదో స్టీరింగు రెండు చివరలా చూడు.

ఈలోగా బంకమట్టి వెనక ఎడమ పక్క ఎంత మిగిలిందో, కుడి పక్క ఎంత మిగిలిందో విడివిడిగా కొలిచి రాయి. రెండూ సమానంగా ఉండకపోవచ్చు. ఆ అంకెలు వచ్చాక టైరు ఒక్కటే చాలునో, వెనక క్యాంబరు కూడా అర డిగ్రీ ముట్టుకోవాలో చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయి