మండేలా, టాంబోల న్యాయవాద కార్యాలయం

ప్రశ్న: వర్ణవివక్ష కాలంలో నెల్సన్ మండేలా దక్షిణాఫ్రికాలో న్యాయవాద సంస్థ నడిపారని విన్నాను. నల్లజాతివారి తొలి న్యాయవాద సంస్థ అదేనా? అక్కడ ఎటువంటి కేసులు చేపట్టేవారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మండేలా, ఆలివర్ టాంబో కలిసి 1952లో జొహానెస్‌బర్గ్‌లో ‘మండేలా అండ్ టాంబో’ అనే సంస్థను ప్రారంభించారు. ‘తొలి’ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. నల్లజాతికి చెందిన ఆల్ఫ్రెడ్ మంగేనా 1910లోనే అక్కడ అటార్నీగా, అంటే న్యాయవాదిగా, నమోదయ్యారు. ఆ తరువాత పిక్స్‌లీ సేమే కూడా అదే వృత్తిలోకి వచ్చారు. ఆ పెద్దలను మరిచిపోవడం తగదు. అయితే 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానంగా స్థిరపడిన తరువాత నగరంలోని ఆఫ్రికన్లకు పెద్ద దిక్కుగా నిలిచింది ఈ సంస్థే.

ఆఫ్రికన్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన అనుమతి పత్రమైన పాస్ పుస్తకం దగ్గర లేకపోయినా, తెల్లవారికి కేటాయించిన ద్వారం గుండా వెళ్లినా, ఇంట్లో బీరు కాచి అమ్మినా ఆఫ్రికన్లు నేరస్థులయ్యేవారు. తరతరాలుగా సాగు చేసుకుంటున్న నేల నుంచి వెళ్లగొట్టబడిన రైతులూ వచ్చేవారు. వరండాలోను, మెట్ల మీద వేచి ఉన్న జనం మధ్య దారి చేసుకుంటూ ఈ ఇద్దరూ తమ గదుల్లోకి చేరవలసి వచ్చేది. ఎవరికీ హాని చేయని మనిషిని చట్టమే ముద్దాయిని చేస్తే అతని పక్షాన నిలబడడమే అక్కడ నిత్యకృత్యం.

కార్యాలయానికి కూడా అదే చట్టం అడ్డుపడింది. కార్యాలయం ఉన్న భవనం, మేజిస్ట్రేటు కోర్టుకు దగ్గరలోని చాన్సలర్ హౌస్, భారతీయుల సొత్తు; నగరంలో ఆఫ్రికన్లకు గదులు అద్దెకు దొరికే కొద్ది చోట్లలో అదొకటి. అక్కడ ఉండడానికి ఇచ్చిన తాత్కాలిక అనుమతి గడువు తీరాక అధికారులు దాన్ని పొడిగించలేదు. దూరంగా ఉన్న ఆఫ్రికన్ల వాడకు తరలిపొమ్మన్నారు. అలా వెళ్తే కక్షిదారులకు అందకుండా పోతామని గ్రహించి, శిక్షకు సిద్ధపడి ఆ ఇద్దరూ చాన్సలర్ హౌస్‌లోనే కొనసాగారు. ఈ నిర్ణయం నాకు కోర్టులో గెలిచిన ఏ కేసు కన్నా గొప్పగా తోస్తుంది.

వర్ణవివక్ష చట్టాలను శాంతియుతంగా ఉల్లంఘించే ధిక్కార ఉద్యమంలో శిక్ష పడిందన్న కారణంతో మండేలా పేరును అటార్నీల జాబితా నుంచి తొలగించాలని ట్రాన్స్‌వాల్ న్యాయవాదుల సంఘం కోర్టుకెక్కింది. తన ప్రజల హక్కుల కోసం పోరాడడం వృత్తికి కళంకం కాదని 1954లో కోర్టు ఆ కోరికను తిరస్కరించి, ఖర్చులు కూడా సంఘమే భరించాలని ఆదేశించింది.

1956 డిసెంబరులో రాజద్రోహ నేరం మోపి అరెస్టు చేసిన 156 మందిలో ఇద్దరూ ఉన్నారు. ఏళ్ల తరబడి విచారణ సాగడంతో వృత్తి దెబ్బతిన్నది. 1960లో షార్ప్‌విల్‌లో నిరసనకారులపై పోలీసులు జరిపిన కాల్పుల తరువాత టాంబో దేశం విడిచి వెళ్లగా, సంస్థ మూతపడింది. మండేలా మాత్రం భారతీయ సంతతికి చెందిన సహచరుడు అహ్మద్ కత్రాడా ఫ్లాట్‌లో కూర్చుని, వచ్చినవారి కేసులు కొంతకాలం చూస్తూనే ఉన్నారు.