తండ్రి పేరున ఉన్న పాత స్పోర్ట్స్ కారును పెద్ద కొడుకు ఒక్కడే అమ్మితే చెల్లుతుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 2016లో కాకినాడలో ఒక ఇంటి వెనుక షెడ్డులో పడి ఉన్న 1951 నాటి ఎంజీ టీడీ రెండు సీట్ల కారును ఆ ఇంటి పెద్దబ్బాయి దగ్గర నాలుగు లక్షలకు కొన్నాను. లక్ష బ్యాంకు ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. రసీదు తీసుకోలేదు. ఆర్‌సీ మాత్రం 2011లో చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరునే ఉంది. తల్లి అంతకుముందే పోయారు. ‘తమ్ముడికీ చెల్లెలికీ ఇప్పుడే చెప్పకండి, నేను సర్దిచెబుతాను’ అన్నారాయన. అప్పటి నుంచి మా వసారాలోనే దాన్ని బాగుచేస్తున్నాను. చెదలు తిన్న చెక్క చట్రం మళ్లీ చేయించాను. నా భార్య నగలు తాకట్టులో ఉన్నాయి. 2022 సంక్రాంతికి ఆ తమ్ముడు మా ఇంటికి వచ్చి, కారులో కూర్చుని ఫొటో దిగి, మెచ్చుకుని వెళ్లారు. ఇప్పుడు, 2025 ఏప్రిల్‌లో, ఆయనా డాలస్‌లో ఉన్న చెల్లెలూ కారు తిరిగి ఇమ్మని నోటీసు పంపారు. తండ్రి సంతకంతో పాత తేదీ వేసి, యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 తయారుచేయిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. పాత ఇంజను తీసేసి మారుతి జిప్సీ ఇంజను పెడదామని కూడా అనుకుంటున్నాను. ఇంత కష్టపడ్డ నాకు న్యాయం జరగదా?

జవాబు: నగలూ, పడ్డ కష్టమూ కారు ఎవరిదో తేల్చవు. మీ ఉత్తరంలో మీకు అక్కరకు వచ్చే వాక్యం సంక్రాంతి ఫొటో గురించి రాసినది. మిమ్మల్ని ముంచే వాక్యం కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆ కారు ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుంది. తనది కానిదాన్ని ఎవరూ అమ్మలేరని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 చెబుతుంది. సెక్షన్ 28 ఒక మినహాయింపు ఇచ్చింది. ఉమ్మడి యజమానుల్లో ఒకరు మిగతావారి అనుమతితో వస్తువును తన ఒక్కడి స్వాధీనంలో ఉంచుకుని అమ్మితే, అతనికి అమ్మే అధికారం లేదని తెలియకుండా సద్భావంతో కొన్నవారికి రక్షణ ఉంటుంది. ‘తమ్ముడికి చెప్పకండి’ అన్న మాట విని కూడా డబ్బు చెల్లించిన మీరు సద్భావంతో కొన్నానని ఏ ముఖంతో చెబుతారు? ఆ రోజే మిగతా ఇద్దరి సంతకాలు అడిగి ఉంటే ఈ నోటీసే వచ్చేది కాదు. మీకు ఖాయంగా దక్కేది పెద్దబ్బాయి మూడో వంతు వాటా.

మిగతా రెండు వాటాల సంగతి తేల్చేది కాలపరిమితి. చరాస్తిని అక్రమంగా సొంతం చేసుకున్నారన్న దావాకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 68 ప్రకారం మూడేళ్ల గడువు. వస్తువు ఎవరి దగ్గరుందో హక్కుదారుకు మొదటిసారి తెలిసిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్క. తమ్ముడికి 2022 జనవరిలో తెలిసింది. అయితే జనవరి నుంచి లెక్కపెట్టకండి. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు మినహాయించింది. కాబట్టి మూడేళ్లు 2025 ఫిబ్రవరి 28తో ముగిశాయి. ఏప్రిల్‌లో వచ్చినది నోటీసు మాత్రమే. నోటీసు గడువును ఆపదు, దావా వేస్తేనే ఆగుతుంది. ఆ ఫిబ్రవరిలోగా వేయకపోయి ఉంటే లిమిటేషన్ చట్టం సెక్షన్ 27 కింద తమ్ముడి హక్కే అంతరించిందని గట్టిగా వాదించవచ్చు.

చెల్లెలి విషయం వేరు. ఆమెకు ఎప్పుడు తెలిసిందో మీ ఉత్తరంలో లేదు. తమ్ముడు ఆ ఫొటోను ఆమెకు పంపాడేమో, ఆమె ఎక్కడైనా స్పందించిందేమో వెతకండి. ఫొటో తీసిన ఫోను అమ్మకండి, మార్చకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి తెస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

అవతలి వకీలు తెలివైనవాడైతే ‘కారు అమ్మలేదు, బాగుచేయమని అప్పగించాం’ అంటాడు. అప్పుడు ఆర్టికల్ 70 వస్తుంది. అడిగాక మీరు నిరాకరించిన రోజు నుంచే గడువు మొదలవుతుంది, మీ లెక్క అంతా తలకిందులవుతుంది. దానికి జవాబు లక్ష రూపాయల బ్యాంకు చెల్లింపు. 2016 నాటి స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో ఈ వారమే తెచ్చుకోండి. పెద్దబ్బాయి ఇప్పటికీ మీతో బాగుంటే, అమ్మిన సంగతి, తీసుకున్న మొత్తం రాసి అఫిడవిట్ ఇప్పించుకోండి. వాళ్లు ముగ్గురూ ఒక్కటయ్యాక ఆయన నోరు మెదపడు.

ఏజెంటును గుమ్మం తొక్కనివ్వకండి. 2011 తర్వాతి తేదీ వేస్తే చనిపోయిన మనిషి సంతకం చేసినట్టు, అంతకుముందు తేదీ వేస్తే 2016లో లక్ష ఎందుకు కట్టారో మీరే చెప్పుకోవాలి. మీకున్న ఒకే ఒక్క మంచి సాక్ష్యం మీ మీదికే తిరుగుతుంది. పైగా అది ఫోర్జరీ, ఆ పత్రం వాడినందుకు ముద్దాయి మీరు. అలాగే తమ్ముడికి ‘మీ నాన్నగారి కారు నా దగ్గర భద్రంగా ఉంది’ అని జాలిగా మెసేజ్ పెట్టకండి, అప్పగించామన్న వాదనకు అదే ఊతమవుతుంది. కారును స్నేహితుడి గోదాములో దాచకండి.

చేయవలసింది చెబుతాను. వకీలు ద్వారా క్లుప్తంగా జవాబు నోటీసు ఇవ్వండి. వాళ్లు దావా వేయగలిగిన కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 148ఎ కింద కేవియట్, అంటే ముందస్తు వినతి, వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది. మీ మాట వినకుండా ఇంజంక్షన్ రాకుండా అడ్డుకుంటుంది. ఆ తర్వాత రాజీ మాట ఎత్తండి. రెండు వాటాలకు ధర కట్టవలసివస్తే అది 2016లో చెదలు పట్టి ఉన్న కారు ధరే కావాలని పట్టుబట్టండి. దానికి అప్పటి ఫొటోలు, వడ్రంగికీ రంగులవాడికీ ఇచ్చిన డబ్బుకు బిల్లులు కావాలి. బిల్లులు లేకపోతే ఈ తొమ్మిదేళ్ల ఖర్చును ఎలా నిరూపిస్తారు?

రాజీ కుదిరితే వారసులు ఫారం 31తో ఆర్‌సీని తమ పేరుకు మార్చుకోవాలి, తర్వాత ఫారం 29, 30తో మీకు బదిలీ చేయాలి. చెల్లెలు రాలేకపోతే అమెరికాలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించండి.

జిప్సీ ఇంజను ఆలోచన మానండి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన కారు అసలు రూపంలో ఉండాలంటాయి. ఛాసిస్, బాడీ, ఇంజను మారిస్తే ఆ అర్హత పోతుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ ఆఫీసుకు నడపడానికి మాత్రం అనుమతి లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం కోసమే రోడ్డెక్కాలి. ఆ 1250 సీసీ ఇంజనును, దాని మీద నంబరును కదపకుండా గుడ్డ కప్పి ఉంచండి. రేపు కారును పరిశీలించడానికి కోర్టు పంపే కమిషనర్ వచ్చి చూసేది ముందు దాన్నే.