మతం కారణంగా జైల్లో ఉన్నవాళ్ళకు ఉత్తరం రాస్తే ఉపయోగం ఉంటుందా?

మీ సందేహాలు రెండు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఉత్తరం రాస్తే ఖైదీకి ఒరిగేదేమిటి? పైగా అది అతని మెడకే చుట్టుకుంటే? నేను 2019 నుంచి రాస్తున్నాను. నా ఉత్తరం వల్ల ఎవరూ విడుదల కాలేదు. అయినా మానలేదు.

మొదలుపెట్టింది డెన్నిస్ క్రిస్టెన్సెన్ గురించి చదివాక. ఆయన డెన్మార్క్ నుంచి వచ్చి రష్యాలోని ఒర్యోల్‌లో స్థిరపడ్డ వడ్రంగి. 2017 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన నమ్మే యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖను అతివాద సంస్థ అని నిషేధించింది. నెల తిరగ్గానే, బైబిలు కూటం జరుగుతుండగా బలగాలు వచ్చి ఆయన్ని పట్టుకుపోయాయి. 2019 ఫిబ్రవరిలో ఆరేళ్ళ శిక్ష పడింది. నాది ఆ మతం కాదు. నిజం చెప్పాలంటే, ఎవరైనా తలుపు తట్టి మత ప్రచారం మొదలుపెడితే విసుక్కునే రకాన్ని. కానీ విసుక్కోవడం వేరు, జైల్లో వేయడం వేరు కదా.

ఆయన 2022 మేలో విడుదలై డెన్మార్క్ వెళ్ళిపోయారు. ఆ తర్వాతి నెలలోనే యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ నిషేధం తప్పంది. రష్యా పట్టించుకోలేదు, అరెస్టులు ఆగలేదు.

నేను రాసింది రష్యా జైల్లోనే ఉన్న ఇంకొకాయనకు. పేరు చెప్పను. మొదటి ఉత్తరం మూడు పేజీలు, ఇంగ్లీషులో, అన్యాయం అంటూ ఆవేశంగా రాశాను. జవాబు లేదు, వస్తుందా మరి! అక్కడ ప్రతి ఉత్తరాన్నీ ముందు సెన్సారు చదువుతాడు. అతనికి అర్థం కాని భాషలో ఉన్నా, కేసు గురించి ఉన్నా అది ఖైదీ దాకా వెళ్ళడం కష్టం. రెండోసారి అర పేజీ రాసి, రష్యన్ తెలిసినవాళ్ళతో సరిచూపించుకున్నాను. కేసు ఊసు లేదు, ప్రభుత్వాన్ని ఒక్క మాట అనలేదు. మా బాల్కనీలో పూలకుండీ మట్టిలో పావురం రెండు గుడ్లు పెట్టిందనీ, మొక్కకు నీళ్ళు పోయాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశాను. జవాబు కోసం తెల్లకాగితం, స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టాను. నా దేశం స్టాంపు అక్కడ చెల్లదని పోస్టు చేశాక వెలిగింది!

ఇక మెడకు చుట్టుకోవడం గురించి. ఆ భయం ఉత్తిది కాదు. పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవ మహిళకు దైవదూషణ కేసులో 2010లో మరణశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడినందుకు పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆమె నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 2018 అక్టోబరు అయింది. అలాంటి కేసుల్లో కుటుంబమో లాయరో సరే అంటే తప్ప నేను కలం ముట్టను.

ఉత్తరమే చేరని చోట్లూ ఉన్నాయి. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో సైనిక సేవకు తమ విశ్వాసం ఒప్పుకోదన్నందుకు ముగ్గురు యెహోవాసాక్షులను 1994 సెప్టెంబరులో పట్టుకున్నారు. నేరారోపణ లేదు, విచారణ లేదు. 2020 డిసెంబరులో వదిలారు. ఇరవయ్యారేళ్ళు! అలాంటప్పుడు ఆ దేశపు రాయబార కార్యాలయానికి మర్యాదగా, పేరు పేరునా ప్రస్తావిస్తూ రాయడమే దారి. జవాబు మాత్రం ఆశించకండి.

నాకు నాలుగు నెలలకు ఒక కవరు వచ్చింది. లోపల గళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం, మూల మీద సెన్సారు నీలం ముద్ర. ఆయన జైలు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆరోగ్యం బాగుందన్నారు, కిటికీలోంచి ఒక చెట్టు సగం కనిపిస్తుందన్నారు. చివర్లో అడిగారు: గుడ్లు పిల్లలయ్యాయా?

ఒకటే అయింది, ఎగిరిపోయింది కూడా అని రాశాను. రెండోది పొదగలేదన్న సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చివరికి రాసేశాను.